టీకా వేసుకున్న ముంగిసకు జ్వరం తగిలింది

అనగనగా ఒక అడవి ఉండేది పిల్లలూ. ఎంత పెద్ద అడవంటే, ఈ కొసన ఎవరైనా తుమ్మితే ఆ కొస నుంచి "చిరంజీవ" అన్న మాట చేరడానికి మూడు రోజులు పట్టేది. ఆ అడవి నడిమధ్య, ఇప్పచెట్ల నీడన ఒక ఆసుపత్రి.

పోయినేడు అడవికి గురగుర జ్వరం వచ్చింది. ఏనుగుల్ని సైతం ఎండుటాకుల్లా రాల్చేసింది. అందుకని ఈ ఏడు ముళ్లపంది సన్యాసమ్మ తన ముల్లుతో ముందుగా ఆసుపత్రి వాళ్లకే టీకా పొడిచింది. ఒకటి కాదు, రెండేసి సార్లు. డాక్టరు ఎలుగుబంటి భూషయ్యగారు పెట్టిన కేకకు పక్కనున్న కొండ రెండడుగులు వెనక్కి జరిగింది!

టీకా పడ్డాక వాళ్ల ధైర్యం చూడాలి. రోగుల దగ్గర మూతికి మోదుగాకు కట్టుకుంటే క్షణమైనా తీసేవాళ్లు కాదు. భోజనాల గదిలోకి రాగానే మాత్రం ఆకులన్నీ కొక్కేనికి తగిలించి, ఒకే పెద్ద విస్తరి చుట్టూ ముక్కూ ముక్కూ తగిలేలా కూర్చునేవాళ్లు.

"ఎడంగా కూర్చోండర్రా," అనేది సన్యాసమ్మ, తను దూరంగా తింటూ.

"నీ ముళ్లకు జడిసి ఎడంగా కూర్చోవాలి గానీ జ్వరానికెందుకు పిన్నీ? అందరం టీకా వాళ్లమేగా!" అని నవ్వేది నర్సు ముంగిస పైడమ్మ.

పసిగదిలో పైడమ్మ చూసుకునే ఒక పసికూన ఉండేవాడు. కుందేలు తవిటమ్మ కొడుకు. నెలలు నిండకుండా పుట్టాడు. ఆవగింజ పక్కన పడుకోబెడితే ఆవగింజే అన్నయ్యలా కనిపించేది! టీకా వేసే వయసు కాదు. రోజుకు పదిసార్లు పైడమ్మే దూదితో చుక్క చుక్కగా పాలు పట్టేది. పోయినేడు జ్వరానికి తవిటమ్మ ఇద్దరు పిల్లలూ పోయారు. ఇప్పుడు దానికి వీడే లోకం.

ఒకరోజు పైడమ్మకు గొంతు గరగరలాడింది. "మిరపకాయ ఘాటు," అనుకుంది. మర్నాడు ఒళ్లంతా నొప్పులు. "రెండు డ్యూటీలు చేశాగా," అనుకుంది. మూడో రోజు భూషయ్యగారు పనసపండు కోశారు. ఏడు కొండల అవతలి నక్కలు కూడా ఆ వాసనకు పరుగెత్తుకొచ్చాయి. పైడమ్మ ముక్కుకు మాత్రం ఏమీ తెలియలేదు.

వాసన తెలియకపోతే అది గురగుర జ్వరమేనని దానికి తెలుసు. పాలగిన్నె పట్టుకుని పసిగది గుమ్మం దాకా వెళ్లి ఆగింది. లోపల బిడ్డ ఆకలికి కీచుమంటున్నాడు.

'చెబితే అడవంతా నవ్వుతుంది. టీకా వేసుకున్నదానికి జ్వరమేమిటంటుంది. రేపటి నుంచి ఎవరూ టీకాకు రారు. చెప్పకపోతే...'

బిడ్డ మళ్లీ కీచుమన్నాడు. పైడమ్మ నాలుగడుగులు వెనక్కి వేసింది.

"తవిటమ్మా! వేరే గిన్నెలో పాలు తీసుకో. నాకు జ్వరం తగిలింది. నేను లోపలికి రాను."

"అయ్యో, పట్టడం నాకు చేతకాదమ్మా!"

"ఇక్కణ్ణించి చెబుతాగా. తల కాస్త ఎత్తు. ఒక్క చుక్క. మింగాడా? ఇప్పుడింకోటి."

తర్వాత వెళ్లి డాక్టరుగారికి చెప్పింది. ఆయన చెవి గోక్కున్నారు. "నాకూ నిన్నటి నుంచి దగ్గే పైడమ్మా. తేనె ఎక్కువైందనుకున్నా."

"నా కూత బొంగురుపోతే వయసనుకున్నా," అంది వంట చేసే అడవికోడి.

చూస్తే విస్తరి చుట్టూ కూర్చున్న తొమ్మిది మందికీ జ్వరమే! వాళ్లు మోదుగాకు కట్టుకుని చూసిన రోగుల్లో ఒక్కరికీ లేదు.

"అందరి నాడీ పడతారు, మీ నాడి పట్టుకోరేం నాయనా?" అని కసిరి, సన్యాసమ్మ అందరికీ వేరువేరు గదుల్లో పక్కలు వేసింది.

బయట కోతి అరిచింది. "టీకా దండగ! వేసుకున్నవాళ్లే పడ్డారు!"

"పడ్డారురా," అంది సన్యాసమ్మ. "పోయినేడు పడ్డవాళ్లకు ఊపిరాడక పలుకు రాలేదు. వీళ్లు జావలో ఉప్పు లేదని నాతో తగువుకొస్తున్నారు. విను!"

లోపల భూషయ్యగారి గొంతు మోగుతూనే ఉంది. కోతి చెవి రిక్కించి వింది. తర్వాత టీకా పొడవమని చెయ్యి చాపింది.

తొమ్మిది మందీ లేచారు. పదో రోజున పైడమ్మ మూతికి ఆకు కట్టుకుని పసిగది గుమ్మంలో నిలబడింది. "రావచ్చా?"

"వీడికి పన్ను కనిపించి రెండు రోజులైంది," అంది తవిటమ్మ. "ముందు నువ్వే చూడాలని ఎవరికీ చెప్పలేదు. రా."

నీతి: టీకా పడిందని జాగ్రత్త వదలకూడదు. ఒంట్లో బాగాలేకపోతే సిగ్గుపడి దాచకూడదు, వెంటనే చెప్పాలి.