జింకలరాజు కేక

అనగనగా ఒక అడవిలో ముసలి పులిరాజు చచ్చిపోయాడు పిల్లలూ. గద్దె కోసం కొడుకులిద్దరూ కొట్టుకోసాగారు. తూర్పు కొండ అన్న ఉగ్రదంతుడిది. పడమటి కొండ తమ్ముడు భీమనఖుడిది. మధ్య లోయలో జింకల మంద. దాని రాజు సారంగుడు. పాపం, అడకత్తెరలో పోకచెక్క బతుకు!

జింకలకొక ఆచారం ఉంది. ఎత్తైన బండ మీద రాజు కాపలా కాస్తాడు. పులి కనబడితే "క్యావ్!" అని అరుస్తాడు. అంత దూరం మాట వినబడదు, కేక ఒక్కటే వినబడుతుంది. అది వినగానే మంద పరుగు తీస్తుంది.

ఒకనాడు ఉగ్రదంతుడు వచ్చాడు. "ఒరే సారంగా, నా తమ్ముడొస్తే కేకెయ్యి. వాడి సంగతి నేను చూసుకుంటాను. నేనొస్తే మాత్రం నోరెత్తకు. నీ మందను ముట్టుకోను" అన్నాడు.

"అలాగే దొరా" అన్నాడు సారంగుడు. అప్పుడే పుట్టిన కూనలు వాగొడ్డున తడబడుతూ నడుస్తున్నాయి. ఇంకేమంటాడు చెప్పండి?

మందను పిలిచి, "ఇకమీదట నా కేక దొరకు కబురు. మీరు బెదరకండి, మేత మానకండి" అని చెప్పాడు.

కొన్నాళ్ళకు అన్న ఓడాడు. తమ్ముడొచ్చి, "ఇక నాకోసం కేకెయ్యి" అన్నాడు. "అలాగే దొరా" అన్నాడు సారంగుడు. వానలు పడ్డాక మళ్ళీ అన్నదే పైచేయి. మళ్ళీ "అలాగే దొరా".

"నాన్నా, మరి మనకోసం ఎప్పుడు అరుస్తావు?" అని అడిగింది కూతురు చిత్ర.

"ముందు బతకాలి కదమ్మా" అన్నాడు సారంగుడు. ఆ మాట అంటుంటే అతనికే సిగ్గేసింది.

చివరికి పులులు రెండూ కొట్లాడి అలిసిపోయి రాజీపడ్డాయి. ఆకలితో కలిసి లోయలోకి దిగాయి. బండ మీంచి సారంగుడు చూశాడు. "క్యావ్! క్యావ్!" అని గొంతు చించుకున్నాడు.

మంద తలైనా ఎత్తలేదు. "ఎవరికో కబురు పంపుతున్నాడులే" అంది ఒక ముసలి జింక, గడ్డి నములుతూ.

సారంగుడు బండ దిగి పులులకు ఎదురుగా పరుగెత్తాడు. అది చూశాకే మందకు విషయం తెలిసింది. కూనలను ముందు పెట్టుకుని వాగు దాటి పారిపోయింది.

భీమనఖుడు పంజా ఎత్తి, "ఇంతకీ నువ్వు ఎవరి పక్షంరా?" అన్నాడు.

"ఇవాళ మాత్రం నా వాళ్ళ పక్షం దొరా" అన్నాడు సారంగుడు.

కూనలన్నీ బతికాయి. రాజు మాత్రం తిరిగి రాలేదు.

నీతి: బలవంతుల మధ్య బతకడానికి ఎన్ని పక్షాలు మారినా, నీ వాళ్ళకు నీ మీదున్న నమ్మకాన్ని మాత్రం తాకట్టు పెట్టకు.