హోస్టైల్ అన్న మాట

ఏదైనా ఇంగ్లీషు మాటకు అర్థం అడిగితే దైవసహాయం మాస్టారు వెంటనే చెప్పేవారు. ఆ మాటకు ఆ అర్థం ఎందుకు వచ్చిందని అడిగితే మాత్రం ఊరుకునేవారు. ఆ ఊరుకోవడం ఒక్కోసారి రోజుల తరబడి సాగేది.

ప్రసూన కొత్తగా నల్లకోటు వేసుకున్న ప్లీడరు. తీర్పులన్నీ ఇంగ్లీషులో ఉంటాయి గనుక, తన కాలేజీ చదువు చాలదని తెలుసుకుని, సాయంత్రాలు ఆయన దగ్గరికి వెళ్లేది. ఆ రోజు పాఠం ఒకేలా మొదలయ్యే మాటల గురించి సాగింది. హాస్పిటల్, హాస్టల్, హోటల్ మూడూ అతిథి అనే అర్థమున్న ఒక పాత లాటిన్ మాట బిడ్డలేనని మాస్టారు చెప్పారు. వచ్చినవాడికి పక్క వేసే చోటు ఏదైనా సరే, ఆ ఇంటిపేరే.

"మరి హోస్టైల్, మాస్టారూ? సాక్షి అడ్డం తిరిగితే కోర్టులో ఆ మాటే అంటాం. అదీ అలాగే మొదలవుతుంది. అతిథుల ఇంట్లో శత్రువు ఎట్లా పుట్టాడు?" అని అడిగింది ప్రసూన.

మాస్టారు మాట మార్చారు. "రేపు దానమ్మ కేసు ఉందన్నావు. సాక్షి వచ్చాడా?" అన్నారు.

"వచ్చాడండీ. ఎప్పుడొచ్చినా దానమ్మగారింట్లోనే దిగేవాడు. ఈసారి మాత్రం బస్టాండు దగ్గర హోటల్లో దిగాడట."

మాస్టారు కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "రేపు నేనూ వస్తాను" అన్నారు.

ఆ సాక్షి పేరు అంకాలు. ఊరూరా తిరిగి బావుల్లో పూడిక తీసేవాడు. ఒక వేసవిలో దానమ్మ బావిలోకి దిగుతుండగా తాడు తెగి కాలు విరిగింది. అతని సొంతూరు దూరం. దానమ్మ తన పంచలోనే మంచం వేసి, కాలు అతుక్కునేదాకా వండి పెట్టింది. ఆమె కొడుకు యోనా అతణ్ణి చంటిపిల్లాడిలా ఎత్తుకుని పెరట్లోకి తీసుకెళ్లి తెచ్చేవాడు. అతను ఇంకా మంచం మీద ఉన్నప్పుడే, పొలం దారి తగాదాలో ఊరి ఆసామి కొడుకులు వచ్చి యోనాను సొంత గుమ్మంలోనే కొట్టి చంపారు. దానమ్మ అప్పుడు కలుపు తీతకు వెళ్లి ఉంది. చూసినవాడు అంకాలు ఒక్కడే. పోలీసులకు చూసింది చూసినట్టు చెప్పాడు. కాలు బాగుపడ్డాక కూడా, వాయిదాలకు వచ్చినప్పుడల్లా ఆ పంచలోనే పడుకునేవాడు. "కళ్లారా చూసిన మనిషి ఉన్నాడు, దిగులు పడకండి" అని, ప్రాసిక్యూటరుకు సాయంగా దానమ్మ తరఫున ఉన్న ప్రసూన ఆమెకు ఎన్నోసార్లు ధైర్యం చెప్పింది.

మర్నాడు అంకాలు బోనెక్కాడు. వంకరగా అతుక్కున్న ఎడమకాలి మీద బరువు పడకుండా ఒరిగి నిలబడ్డాడు. ఆ రోజు ఏం చూశావని ప్రాసిక్యూటరు అడిగాడు.

"నేనేమీ చూడలేదయ్యా."

"అప్పుడు ఎవరింట్లో ఉన్నావు?"

"ఎవరింట్లోనూ లేను."

ప్రాసిక్యూటరు దానమ్మను చూపించాడు. "ఈమె ఎవరో తెలుసా?"

అంకాలు బోను చెక్కను చూస్తూ, "తెలియదు" అన్నాడు.

ఆ తర్వాత ప్రాసిక్యూటరు సాక్షిని హోస్టైల్‌గా ప్రకటించమని ఇంగ్లీషులో కోరాడు, జడ్జిగారు సరేనన్నారు. ఇక ఆ కేసులో మిగిలిందేమీ లేదని ప్రసూనకు తెలుసు. ముందున్న కాగితాలు మడిచి ఫైలు మూసింది.

వరండాలోకి వచ్చాక దానమ్మ అడిగింది. "అమ్మా, లోపల అతణ్ణి ఏదో ఇంగ్లీషు మాట అన్నారే, దాన్ని మన మాటల్లో ఏమంటారు?"

ప్రసూన మాస్టారి వైపు చూసింది. ఆమె వెనకే వరండాలోకి వచ్చిన ఆయన తల వంచి కళ్లజోడు తుడుచుకుంటున్నారు. తప్పక, "ఎదురు తిరిగినవాడు అంటారండీ" అంది.

"ఎదురు తిరగడం ఎక్కడిదమ్మా? అతను నా వైపు అసలు తిరగనే లేదు" అంది దానమ్మ.

అంకాలు కోర్టు ఆవరణలో కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు. గేటు బయట ఆసామి జీపు అతని కోసం ఆగి ఉంది. దానమ్మ సంచిలోంచి క్యారియరు తీసుకుని అతని దగ్గరికి నడిచింది. తిడుతుందేమో, కొడుతుందేమోనని ప్రసూన వెనకే పరుగెత్తింది. దానమ్మ క్యారియరును కుళాయి గట్టు మీద పెట్టి, "పొద్దుటినించీ ఏమీ తిని ఉండవు. గోంగూర, అన్నం. తినిపో" అంది.

అంకాలు ముఖం తుడుచుకోలేదు. నీళ్లు గడ్డం మీదినుంచి కారుతూనే ఉన్నాయి. "నాకు పిల్లలున్నారు పిన్నమ్మా" అన్నాడు.

"నాకూ ఒకడు ఉండేవాడయ్యా" అంది దానమ్మ.

జీపులోంచి హారన్ మోగింది. అంకాలు క్యారియరు ముట్టకుండా, కాలీడ్చుకుంటూ గేటు వైపు వెళ్లిపోయాడు. జీపు కనుమరుగయ్యేదాకా దానమ్మ అక్కడే నిలబడింది. తర్వాత గట్టు మీద కూలబడి, క్యారియరును ప్రసూన చేతిలో పెట్టి, "మీరన్నా తినండమ్మా. అన్నం పారబోస్తే పాపం" అంది.

ప్రసూన మూత తీసి ఒక ముద్ద కలుపుకుంది. ఏమైనా అంటారేమోనని, వెనకే వచ్చి నిలబడ్డ మాస్టారి వైపు చూసింది.

ఆయన మెల్లగా అన్నారు. "నిన్న అడిగావే, పరాయివాడికి ఆ భాషలో మొదట ఒక్కటే మాట ఉండేదమ్మా. అన్నం పెట్టాకే అది అతిథి, శత్రువు అని రెండయింది."