డాక్టరమ్మ నసుగుడు

నరసయ్య పంతులుగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. చింతలరేవులో పేరుమోసిన దుబాసీ ఆయన. తెల్లవాళ్ల మాట మనవాళ్లకీ, మనవాళ్ల మాట తెల్లవాళ్లకీ చేరవేస్తూ తల నెరిసిన మనిషి. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నవాడు అచ్యుతం. ఇంగ్లీషు గడగడా మాట్లాడతాడు, తెలుగు అంతకంటే గడగడా మాట్లాడతాడు. తొందర ఒక్కటే అతగాడి జబ్బు. ఒకనాటి ఉదయం ఆ జబ్బే ప్రశ్న రూపంలో బయటపడింది.

"పంతులుగారూ, ఈ దొరలకి ఈ నసుగుడేమిటండీ? వద్దంటే వద్దని చావరు. 'నేనైతే బహుశా ఆ పని చెయ్యనేమో' అంటారు. కాదంటే కాదనరు, 'అలా కాకపోయి ఉండవచ్చు' అంటారు. ఒక 'మే', ఒక 'మైట్', అది చాలదన్నట్టు పైన ఒక 'పర్‌హాప్స్'! ఇదంతా మోసుకొచ్చి మనవాళ్ల ముందు పెడితే, వీడికి భాష రాక నీళ్లు నములుతున్నాడనుకుంటున్నారు. గుజ్జు ఉంచి ఆ తొక్కంతా వదిలేస్తే ఏం పోతుందండీ?"

పంతులుగారు వక్క కొరకడం ఆపి శిష్యుడి మొహంలోకి ఒకసారి చూశారు. "మిషను ఆస్పత్రి నుంచి కబురొచ్చింది, దుబాసీ కావాలట. ఇద్దరం వెళదాం. మాట మాత్రం నువ్వే చెప్పు" అని చేతికర్ర అందుకున్నారు. అచ్యుతం ఎగిరి గంతేసినంత పని చేశాడు.

ఆస్పత్రిలో మంచం మీద ఉన్నవాడు పైడయ్య. తాడిచెట్లు గీసి కల్లు దించి బతికేవాడు. గీతకత్తి చెయ్యి జారి పాదం మీద పడితే, ఆకుపసరు కట్టి ఊరుకున్నారు. అది చీము పట్టి మోకాలిదాకా వాచింది. పక్కన పెళ్లాం ఆదెమ్మ, కాళ్ల దగ్గర ఆమె అన్న సూరప్పడు. కాలుంటే చెట్టు, చెట్టుంటే కూడు. అదీ వాళ్ల సంగతి. ఆస్పత్రివాళ్లు కాళ్లు కోసేస్తారని ఎవరో బెదరగొట్టారు కాబోలు, ఆ మాట వినబడితే మనిషిని ఎత్తుకుపోదామని వచ్చిన బండిని గేటు దగ్గరే నిలబెట్టుకున్నారు.

డాక్టరమ్మ ఇంగ్లీషు దొరసాని. గట్టిగా మాట్లాడి ఎరగదు. గాయం చూసి, చెయ్యి కడుక్కుంటూ, పక్కింటావిడకి ఊరగాయ సంగతి చెబుతున్నంత మెల్లగా చెప్పింది. కాలు తియ్యాల్సిన అవసరం రాకపోవచ్చు, బహుశా. రానూవచ్చు. సాయంత్రం మళ్లీ చూస్తే గాని ఏ మాటా చెప్పలేనంది. తనే వాళ్లయితే మాత్రం, నిజానికి, అతన్ని ఇక్కణ్ణుంచి కదపదేమో. అంత చెప్పి, అవతల ఎవరో మూలుగుతుంటే గబగబా అటు వెళ్లిపోయింది.

"ఏటన్నాది బాబూ?" అని సూరప్పడు అచ్యుతం మీదికి వచ్చేశాడు. "సుట్టూ తిప్పకుండా ఒక్క మాట సెప్పు. తీస్తాదా, తియ్యదా?"

ఆదెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూస్తోంది. వార్డులో పక్క మంచాలవాళ్లు కూడా తలలు తిప్పారు. అచ్యుతం నోటిదాకా వచ్చింది, 'తియ్యాల్సి రాకపోవచ్చు, రానూవచ్చు, సాయంత్రం దాకా...' అని. అంతమంది ముందు అలా నసిగితే తన పరువేం కాను? నిండుకుండ తొణకదంటారు. ఛాతీ విరుచుకుని, ఒక్క తడబాటు లేకుండా అనేశాడు.

"తియ్యక్కర్లేదు."

ఆదెమ్మ గొల్లుమని ఏడ్చి అతని కాళ్లకి దణ్ణం పెట్టేసింది. "మరయితే ఇంటికి లగెత్తీవొచ్చా?" అన్నాడు సూరప్పడు. కదపనేమో అని దొరసాని అన్న మాట అచ్యుతానికి గుర్తుకొచ్చింది. కానీ అది ఆవిడ మర్యాదకి అన్నదే గాని, ఖచ్చితంగా వద్దని చెప్పిందా? "మీ ఇష్టం" అన్నాడు. అతని నోట్లోంచి ఆ మాట పూర్తిగా రాకముందే సూరప్పడు బావని భుజాన వేసుకున్నాడు.

వరండాలో బల్ల మీద కూర్చున్న పంతులుగారికి ఇదంతా వినబడింది. శిష్యుడు మెప్పుకోసం ఆయన వంక చూశాడు. ఆయన మెచ్చుకోనూ లేదు, తప్పు పట్టనూ లేదు. "వీళ్ల బండి సరుగుడు తోట మీదుగా పోతుంది. నన్ను అందాకా దింపుతారు. నువ్వు ఆ డాక్టరమ్మకి, రోగి వెళ్లిపోయాడని ఒక మాట చెప్పి రా" అని చేతికర్రతో సహా బండెక్కేశారు. అచ్యుతానికి మనసు చివుక్కుమంది. ఒక్క మంచిమాట అంటే ముసలాయన సొమ్మేం పోయిందో!

డాక్టరమ్మ గుడ్డలు కత్తిరిస్తోంది. అచ్యుతం చెప్పగానే కత్తెర ఆగిపోయింది. అరవలేదు. "అయ్యో. వాళ్లు నిజంగా అలా వెళ్లి ఉండకూడదు" అంది, అదే మెల్లని గొంతుతో. ఆ మొహంలో మాత్రం నెత్తుటి చుక్క లేదు. "రాత్రికి విషం పైకెక్కవచ్చు. అప్పుడు నేనేమీ చెయ్యలేకపోవచ్చు. కదపవద్దని చెప్పాను కదా?"

కదపవద్దని చెప్పింది! ఎప్పుడు చెప్పింది? ఆవిడ గొంతు మాత్రం ఇప్పుడూ వణకటం లేదు. ఇందాక కూడా ఇదే గొంతు. ఇంతసేపూ మర్యాద అనుకుని తను పక్కకి నెట్టేసిన ఆ మాటలోనే భయమంతా కూర్చుని ఉంది. ఒక మనిషి ప్రాణం గురించి ఆవిడకి ఎంత తెలుసో, ఎంత తెలియదో, రెండూ అందులోనే ఉన్నాయి. తను చేసిందేమిటి? ఆవిడ తెలియదన్న దాన్ని తెలుసన్నట్టు చెప్పాడు. ఎందుకు చెప్పాడు? తనకి తెలియదని నలుగురూ అనుకుంటారని!

"చెప్పారండీ" అని మాత్రం అనగలిగాడు. ఆ పైన పరుగే పరుగు.

దారంతా ఒకటే భయం. బండి ఏటి దాకా వెళ్లిపోయి ఉంటుంది, ఏరు దాటితే ఇక అందదు. తీరా సరుగుడు తోట మలుపు తిరిగేసరికి బండి అక్కడే నిలబడి ఉంది. పంతులుగారు చక్రం దగ్గర వంగి, "ఇరుసు శీల వదులుగా ఉందిరా అబ్బీ. ఇంకో దెబ్బ వెయ్యి. ఊహూఁ, చాల్లేదు" అంటున్నారు. సూరప్పడు చేతిలో రాయి పట్టుకుని పళ్లు నూరుతున్నాడు. శీల ఎప్పుడో బిగిసింది. ముసలాయన వదిలితే కదా!

అచ్యుతాన్ని చూసి పంతులుగారు నడుం పట్టుకుని లేచి పక్కకి తప్పుకున్నారు. ఆయన చెబుతారేమోనని అచ్యుతం ఆశగా చూశాడు. ఆయన సరుగుడు కొమ్మల్లోకి చూస్తున్నారు.

"వెనక్కి రండి" అన్నాడు అచ్యుతం, రొప్పుతూ.

"దేనికి? కాలు తియ్యడానికా?" సూరప్పడి కళ్లు ఎర్రబడ్డాయి. "అక్కర్నేదన్నావు గదా! ఇంతట్లోనే మాట మారిపోనాదా? ఎవులు సెప్పమన్నారు నీకు? తీస్తారా, తియ్యరా? ఒక్క మాట సెప్పు, నేకపోతే ఈ రాయితోనే నీ తల పగలేస్తాను."

గడగడా మాట్లాడే నాలుక మడతపడి కూర్చుంది. "తెలీదు" అన్నాడు. "నాకూ తెలీదు, ఆ డాక్టరమ్మకీ తెలీదు. తియ్యాల్సి రావచ్చు. రాకపోనూవచ్చు. ఆస్పత్రి నుంచి కదిపితే ప్రాణం మీదికే రావచ్చునని ఆవిడ భయపడుతోంది. పొద్దున కూడా ఇలాగే చెప్పింది. నేనే... నేనే సగం మింగేశాను. తడబడితే నవ్వుతారని మింగేశాను." చెబుతుంటే గొంతు వణికి మాట విరిగిపోయింది.

ఎద్దు మెడలో గంట ఒకసారి మోగింది. సూరప్పడు రాయి ఇంకా కింద పెట్టలేదు. ఆదెమ్మ ఒకసారి మొగుడి కాలు వంకా, ఒకసారి ఈ కుర్రదుబాసీ వంకా చూస్తోంది. చివరికి బండిలో గడ్డి మీద పడుకున్న పైడయ్య జ్వరపు కళ్లు తెరిచాడు.

"ఆ బాబు గొంతు ఒణుకుతాంది, సూసినావా?" అన్నాడు పెళ్లాంతో. "పొద్దున ఒణకనేదు. బండి తిప్పమను."

సాయంత్రానికి వాపు మోకాలు దాటింది. డాక్టరమ్మ గాయం విప్పి, కోసి, చీమంతా తీసి, కుళ్లిన వేలు ఒకటి తీసేసింది. బయటికొచ్చి ఎప్పటిలాగే మెల్లగా చెప్పింది. అచ్యుతం ఒక్కొక్క మాటే ఏరుకుని, ఏదీ కింద పడకుండా చెప్పాడు. కాలు దక్కవచ్చునట. ఖాయంగా అనలేదట. జ్వరం తగ్గితే బహుశా గండం గడిచినట్టేనట. ఎంత నసుగుడయ్యా! అయినా వార్డులో ఎవరూ నవ్వలేదు. ఆదెమ్మ ఈసారి దణ్ణం పెట్టలేదు. మొగుడి మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది, ఇంక లేవనన్నట్టు.

గురుశిష్యులిద్దరూ గేటు దాటారు. కొంతదూరం పోయాక అచ్యుతం ఉండబట్టలేక, "నేను రాకపోతే ఏం చేసేవారండీ?" అన్నాడు.

"శీలలు ఇంకా ఉన్నాయి కదరా" అన్నారు పంతులుగారు. మరి నాలుగడుగులు వేసి, "పొద్దున ఏదో అడిగావు" అన్నారు.

"ఇప్పుడు అక్కర్లేదండీ."

"అడిగాక చెప్పాలి కదా. ఆ తొక్కంతా వదిలేస్తే ఏం పోతుందన్నావు." పంతులుగారు ఆగి, వెనక్కి తిరిగి, ఆస్పత్రి కిటికీలో అప్పుడే వెలిగించిన దీపం కేసి చూశారు.

"ఏమీ పోకపోవచ్చురా" అన్నారు. "బహుశా."