ఎదురింటి మాటలు

తనది అనుకున్నదాన్ని ఎవరితోనూ పంచుకోలేని హిమబిందు, హైదరాబాద్ శివారులో బీరంగూడ దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేది. అక్కడ ఇరవై ఇళ్లు, ఏడు భాషలు. సాయంత్రం మెట్లెక్కి వస్తుంటే ఒక తలుపు వెనుక మరాఠీలో తిట్లు, ఇంకో తలుపు వెనుక తమిళంలో నవ్వులు వినిపించేవి. హిమబిందు ఎదురింట్లో ఒడియా మాట్లాడే కుంతల, ఆమె భర్త ఉండేవారు. ఆయన ఒక ఫ్యాక్టరీలో వెల్డర్. కూతురు పెళ్లయి కటక్‌లో ఉండేది.

హిమబిందు మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసేది. భర్త శ్రీధర్‌వి షిఫ్టు డ్యూటీలు. కొడుకు చిన్మయ్‌కి ఏడాది నిండగానే ఆమె మళ్లీ ఉద్యోగానికి వెళ్లాల్సి వచ్చింది. పిల్లాణ్ని క్రెష్‌లో వేద్దామని భార్యాభర్తలు గుమ్మంలో నిలబడి మాట్లాడుకుంటుంటే కుంతల వింది.

"ఎదురుంగ నేనున్న కదమ్మా. క్రెష్ ఎందుకు?" అంది.

అలా చిన్మయ్ పగలంతా కుంతల ఇంట్లో పెరిగాడు. ఆమె నోరు క్షణం ఊరుకునేది కాదు. పప్పు ఏరుతూ పప్పులోని రాళ్లతో గొడవపడేది. బట్టలు ఆరేస్తూ ఎండను మెచ్చుకునేది. అంతా ఒడియాలోనే. పిల్లాణ్ని "మో సునా" అని పిలిచేది. నా బంగారం అని దాని అర్థం. కొన్నాళ్లకు చిన్మయ్ కాకిని చూసి "కువా! కువా!" అని అరవడం మొదలుపెట్టాడు. కుంతలను "మావుసీ" అనేవాడు, అంటే పిన్నీ అని. హిమబిందు ఇంటికి రాగానే "మా" అంటూ ఎదురొచ్చేవాడు.

"మా కాదురా, అమ్మ అను" అని ఆమె బతిమాలేది. వాడు నవ్వి మళ్లీ "మా" అనేవాడు.

మొదట్లో ఆమెకు సరదాగానే ఉండేది. రెండో పుట్టినరోజున ఆ సరదా పోయింది. ఆ రోజు శ్రీధర్ అక్క స్వర్ణ తెనాలి నుంచి వచ్చింది. అందరూ భోజనాలకు కూర్చుంటుంటే చిన్మయ్ స్వర్ణ కొంగు పట్టుకుని "భాత ఖాయిబి" అన్నాడు.

"ఏమంటున్నాడు బిందూ, వీడు?" అని స్వర్ణ అడిగింది.

హిమబిందుకి తెలియలేదు. వడ్డించడానికి వచ్చిన కుంతలే చెప్పింది. "అన్నం తింట అంటున్నడు."

స్వర్ణ పకపకా నవ్వింది. "బాగుందమ్మా! కన్నది నువ్వు, మాటలన్నీ ఆవిడవి. నీ కొడుకుతో మాట్లాడ్డానికి నీకో దుబాసీ కావాలన్నమాట!"

అందరూ నవ్వారు. హిమబిందు కూడా నవ్వింది. కానీ ఆ రాత్రి భర్తతో, "ఇక ఈ ఒడియా ఆపించేస్తాను" అంది.

"వాడు హాయిగానే ఉన్నాడు కదా" అన్నాడు శ్రీధర్.

"మీకేం, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదుగా!"

మర్నాడు ఆమె ఎదురింటికి వెళ్లింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఆంటీ, ఇవాళ్టి నుంచి చిన్మయ్‌తో తెలుగే మాట్లాడండి. రెండు భాషలైతే పిల్లాడికి అయోమయం."

కుంతల చేతులకున్న పిండి దులుపుకుంది. "నా తెలుగు సంతల నేర్చిందమ్మా. బేరం చేయడం వస్తది. ముద్దు చేయడం రాదు."

"అయితే తక్కువ మాట్లాడండి. కానీ తెలుగే మాట్లాడండి. లేకపోతే క్రెష్‌లో వేసేస్తాను."

పిల్లాడు ఎక్కడ దూరమవుతాడోనని కుంతల తల ఊపింది.

ఆమె మాట తప్పలేదు. భర్త ఫోన్ చేస్తే బాల్కనీలోకి వెళ్లి తలుపు మూసి మాట్లాడేది. పిల్లాడితో "దా", "తిను", "వద్దు" అనేది. అంతకు మించి ఏమనాలో తెలియక ఊరుకునేది. చిన్మయ్ ఆమె ఒళ్లో ఎక్కి కూర్చుని చిట్టి వేళ్లతో ఆమె పెదవులు విడదీయబోయేవాడు. ఆమె ఆ వేళ్లు పట్టుకుని ముద్దు పెట్టుకునేది గానీ నోరు తెరిచేది కాదు. కొన్నాళ్లకు వాడు ఆ ప్రయత్నమూ మానేశాడు.

వాడి నోట ఒడియా పోయింది. హిమబిందు సంతోషించింది. కానీ తెలుగు రాలేదు. ఆమె ఇంటికి వచ్చేసరికే చీకటి పడేది. వంట, మర్నాటి పనులు, అలసట. "అమ్మ అను, పాలు అను" అని కాసేపు అడిగేది. వాడు మౌనంగా చూసేవాడు. ఏదైనా కావాలంటే వేలితో చూపించేవాడు, ఇవ్వకపోతే ఏడ్చేవాడు. మూడో పుట్టినరోజు దగ్గరపడినా వాడు నోరు విప్పలేదు.

హిమబిందుకి భయం వేసింది. పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన చెవులు పరీక్షించాడు, బొమ్మలిచ్చి ఆడించాడు.

"వినికిడి బాగానే ఉందమ్మా. ఇంతకు ముందు మాట్లాడేవాడా?"

"మాట్లాడేవాడు. కానీ అది తెలుగు కాదు. నేనే మాన్పించాను."

డాక్టరు బొమ్మలు పక్కన పెట్టాడు. "పిల్లలు రెండు మూడు భాషలైనా ఇట్టే పట్టేస్తారు. వాళ్లకు కావలసింది కబుర్లు చెప్పే మనిషి. ఇప్పుడు వీడితో పగలంతా కబుర్లు చెప్పేదెవరు?"



ఆ సాయంత్రమే హిమబిందు కొడుకుని ఎత్తుకుని కుంతల తలుపు తట్టింది. "తప్పయిపోయింది ఆంటీ. వాడితో మీ భాషలోనే మాట్లాడండి. ఎప్పటిలాగే ఉండండి."

కుంతల ముఖం వెలిగింది. నేల మీద కూర్చుని రెండు చేతులూ చాచి ఒడియాలో ఏదో అంది. ఒక్క మాట కాదు, ఇన్నాళ్లూ ఆపుకున్నవన్నీ ఒక్కసారే వచ్చాయి. చిన్మయ్ బెదిరిపోయాడు. కొత్త మనిషిని చూసినట్టు చూసి తల్లి భుజంలో ముఖం దాచుకున్నాడు. వాడికి ఆ మాటల్లో ఒక్కటీ అర్థం కాలేదు.

కుంతల చాచిన చేతులు మెల్లగా దించుకుంది.

"వీడిని క్రెష్‌ల వేయమ్మా" అంది.

"అలా అనకండి ఆంటీ. కొన్నాళ్లు పోతే అలవాటవుతాడు."

"వాడు అవుతడు. నేను కాలేను. ఇప్పుడు వాడి ముందు నోరు తెరవాలంటే, ఈ మాట అనొచ్చా అని ముందు నీ తలుపు దిక్కు చూస్త. బిడ్డతోటి అట్ల మాట్లాడరాదు."

హిమబిందు ఎంత బతిమాలినా ఆమె ఒప్పుకోలేదు. కోపంగా లేదు. కాఫీ ఇచ్చి పంపింది.

చిన్మయ్‌ని క్రెష్‌లో వేశారు. అక్కడి పిల్లల మధ్య వాడికి ఆలస్యంగానైనా మాటలొచ్చాయి. హిమబిందు కోరుకున్నట్టే మంచి తెలుగు మాట్లాడాడు. వాడు ఇంట్లో ఉండే వేళల్లో ఎదురింటి తలుపు మూసే ఉండేది. బడికి వెళ్లే వయసులో ఒకరోజు లిఫ్టులో తల్లీకొడుకులకు కుంతల ఎదురైంది. ఆమె వాడి తల నిమరబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని నవ్వింది. ఇంట్లోకి రాగానే వాడు, "అమ్మా, ఆ ఆంటీకి నేను తెలుసా?" అని అడిగాడు.

హిమబిందు తల దించుకుని వాడి బూట్లు విప్పసాగింది.

బిడ్డకు ప్రేమ ఏ భాషలో దొరికినా సంతోషించాలి. అసూయతో ఆ భాషను ఆపితే మన వాటా పెరగదు, బిడ్డ పోగొట్టుకున్నది తిరిగి రాదు.