మూడో పిలుపు

పొద్దున తొమ్మిదీ ఇరవైకి జకరయ్యగారు మెడకు కట్టుకునే తెల్ల పట్టీ ఇస్త్రీ చేసుకుంటున్నారు. ఆ పని ఆయన ఎవరికీ అప్పగించరు. అది అయ్యేలోగా జూనియర్లు ఏ సందేహమైనా అడగవచ్చు. ఆ రోజు అడిగింది సుభాషిణి.

పరాంకుశం అనే వకీలు మీద ఫిర్యాదు వచ్చింది. ఒకే నేల కోసం, ఫిర్యాదు చేసిన ఆవిడ ఒక్కదాని మీదే, కోర్టు దావా కొట్టేసిన ప్రతిసారీ కొత్త వాదిని తెచ్చి మళ్లీ వేస్తున్నాడు. మొదట అన్న, తరవాత తమ్ముడు, ఆపైన తమ్ముడి భార్య, ఇప్పుడు బావమరిది. హద్దులు అవే, వాక్యాలూ అవే. ఈ ఫిర్యాదు విచారిస్తున్న న్యాయవాదుల క్రమశిక్షణ సంఘానికి జకరయ్యగారు పెద్ద. కోర్టులో వాదించడానికి పరాంకుశానికున్న సనదు ఆపాలా వద్దా అన్నది పై వారం తేలాలి.

"కాగితం తీసుకుంటున్నది కోర్టే కదా గురువుగారూ. తలుపు తీసి ఉంచి, లోపలికి వచ్చినవాణ్ని శిక్షిస్తామా? పైగా ప్రతిసారీ ఓడిపోతున్నది ఆయనే. ఆవిడకు పోయిందేమిటి?"

జకరయ్యగారు ఇస్త్రీపెట్టె నిలబెట్టారు.

"ఇవాళ ఆ కేసు ఉంది. వెళ్లి ఆవిడ పక్కన కూర్చో. ఆవిడ లేచేదాకా లేవకు" అన్నారు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

ఆవిడ పేరు నూకాలు. ఎండుచేపలు అమ్ముతుంది. తగాదా, ఆమె చేపలు ఎండబెట్టుకునే ఇసుకదిబ్బ గురించి. వరండాలో బల్ల చివర, బంట్రోతు గొంతు వినబడే చోట కూర్చుని ఉంది. సుభాషిణి మంచినీళ్ల సీసా ఇవ్వబోతే తల అడ్డంగా ఊపింది.

"తాగితే లేవాలి కదమ్మా."

మొదటి దావాలో ఒకసారి కుళాయి దగ్గరికి వెళ్లిందట. ఆ కాసేపట్లోనే బంట్రోతు మూడుసార్లు పేరు పిలిచాడు. పలికే మనిషి లేదని తీర్పు అటు వెళ్లిపోయింది. దాన్ని రద్దు చేయించుకోవడానికి ఏడాది తిరిగింది. అప్పటినుంచి కోర్టుకొచ్చిన రోజు నీళ్లు ముట్టదు.

మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. నూకాలు తలెత్తి ఆకాశం చూసింది, తల దించి కోర్టు గుమ్మం చూసింది.

"నెత్తళ్లు ఎండేసొచ్చానమ్మా. తడిత్తే పురుగే."

"తీసేవాళ్లు లేరా?"

"కోడలుంది. పురుటికెళ్లింది."

వాన మొదలైంది. నూకాలు కాళ్లు పైకి ముడుచుకుంది, అంతే. గొడుగు విదిలించుకుంటూ పరాంకుశం వరండా ఎక్కాడు. మర్యాదస్తుడు, ఎవర్నైనా పలకరించకుండా పోడు.

"ఏం నూకాలమ్మా, ఎలాగూ గెలిచే కేసే కదా, ఆ మొహమేంటి?"

బల్ల మీదివాళ్లు నవ్వారు.

"గెలిసినప్పుడల్లా మళ్లీ రమ్మంటన్నారు బాబూ. ఓపాలి ఓడిపోతే ఒగ్గేత్తారా?"

"భలేదానివి!" అని నవ్వుకుంటూ ఆయన లోపలికి వెళ్లాడు.

సాయంత్రం పిలుపు వచ్చింది. మొదటి పిలుపు పూర్తికాకముందే నూకాలు "ఉన్నానయ్యా!" అని అరుస్తూ లేచింది. తిమ్మిరెక్కిన కాళ్లతో తూలి, సుభాషిణి భుజం పట్టుకుంది. లోపల పరాంకుశం వాయిదా అడిగాడు. ఇచ్చారు.

సుభాషిణి ఆఫీసుకు తిరిగొచ్చింది. వస్తూనే అంది, "వాన పడింది గురువుగారూ."

"ఊఁ" అన్నారాయన.

పై వారం సంఘం కూర్చుంది. ఫిర్యాది నూకాలు పేరు మూడుసార్లు పిలిచారు. మూడో పిలుపు తరవాత జకరయ్యగారు ఇంకాసేపు ఆగమన్నారు. ఎవరూ రాలేదు. ఫిర్యాది హాజరు కాలేదు గనక ఫిర్యాదు మూసేశారు. పరాంకుశం అందరికీ నమస్కారం పెట్టి వెళ్లాడు.

కొన్నాళ్లకు చేపల బజారులో సుభాషిణికి సంగతి తెలిసింది. నూకాలు దిబ్బను దావాలు వేసినవాళ్లకు వదిలేసి, రాజీ కాగితం మీద వేలిముద్ర వేసి, కూతురి ఊరు వెళ్లిపోయిందట. మర్నాడు పొద్దున, పట్టీ ఇస్త్రీ అవుతుండగా, గురువుగారికి చెప్పింది.

ఆయన పట్టీ తిరగేశారు.

"ఆవిడ ఏ తీర్పులో ఓడిపోయిందో, వెతికి చెప్పమ్మా."