కోడిగూటి తలుపుకు కన్నం

పశువుల పాక వెనకాల, పేడకుప్పకు కాస్త ఎడంగా, ఎండిపోయిన వేప మోడు ఒకటి ఉండేది. దాని పై తొర్రలో కాపురం, కింది తొర్రలో కార్ఖానా. రెండూ వడ్రంగిపిట్టల జంటవే. మగడి పేరు బాడిసయ్య, ఇల్లాలి పేరు చిత్రికమ్మ. ఆ చుట్టుపక్కల ఏ జీవానికి పీట కావాలన్నా, ఊయల కావాలన్నా, గూటికి తలుపు కావాలన్నా అక్కడికే రావాలి.

ఇంటి దగ్గర పనైతే ఎంత సుఖమో అనుకునేవాళ్ళు ఒక్క పూట చిత్రికమ్మ ఇంట్లో ఉండి చూడాలి. తిండిలో పొట్టు, పక్కలో పేళ్ళు. దేవుడికి దీపం పెడదామని ఒత్తి కోసం వెతికితే చెక్కముక్క తగిలేది. ఆ తల్లి అవన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒక్కటే.

బాడిసయ్య పనిమంతుడు. కాదన్నవాళ్ళు లేరు. కానీ కొయ్యలో ఎక్కడైనా పురుగు కదిలిందంటే ఆయన మెడ పక్కకి వాలేది, కళ్ళు అరమూతలు పడేవి, ముక్కు దానంతటదే లేచేది. టక్ టక్ టక్! మేక పెద్దమ్మకు చేసిన పీటకి సరిగ్గా కూర్చునేచోట తూటు. ఉడత కోడలికి చేసిన ఊయలకి అడుగున కన్నం. పిల్ల జారి గడ్డివామిలో పడింది కనుక సరిపోయింది, ఆ స్వామి దయ.

"ఏవండీ, ఆ పురుగులు మీకేం అపకారం చేశాయండీ?" అని అడిగేది చిత్రికమ్మ.

"పురుగున్న సరుకిస్తే వంశానికి మచ్చ కదే!"

"కన్నమున్న సరుకిస్తే మచ్చ కాదూ?"

"కన్నం కంటికి కనబడుతుంది. పురుగు కనబడదు. కనబడనిదే కదా ప్రమాదం?"

చిత్రికమ్మ కళ్ళు మూసుకుని రామ రామ అనుకునేది. "మీ నాన్నగారూ ఇంతే. మన పెళ్ళిపీటలు ఆయనే చేశారు. తాళి కట్టే వేళకి నా పీట కింద పురుగు కదిలిందని నన్ను లేపి నిలబెట్టి, ముహూర్తం దాటించేశారు. గోరింక పురోహితుడు చచ్చేదాకా ఆ మాట చెప్పుకున్నాడు."

"మరి ఆ పీట ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు, చూశావా?"

"కూర్చుంటే కదా చెదరడానికి!"

ఒకరోజు మధ్యాహ్నం గంపమ్మ అనే కోడి రొప్పుకుంటూ వచ్చి కార్ఖానా ముందు నిలబడింది.

"అన్నయ్యా! నా తలుపేదీ?"

"అయిపోయినట్టేనమ్మా," అన్నాడు బాడిసయ్య, మొహం పక్కకి తిప్పుకుని.

"మొన్నా అయిపోయినట్టే, నిన్నా అయిపోయినట్టే. నీ నోట 'అయిపోయింది' అన్నమాట వినే రాత నాకు రాసిపెట్టి ఉందా, లేదా? పాత తలుపు చెదలు తిని పడిపోయింది. నిన్న గుడ్లలోంచి వచ్చిన పిల్లలకి ఇంకా ఒళ్ళు ఆరలేదు. పొద్దున లేచి చూస్తే గూటి ముందు తడిమట్టిలో నక్క అడుగులు! ఈ సందెవేళకి తలుపు లేకపోతే తెల్లారేసరికి నాకు పిల్లలుండరు వదినా." అంతలో మూలనున్న చెక్క మీద గంపమ్మ చూపు పడింది. "అదేంటి వదినా, పిండి జల్లెడా?"

చిత్రికమ్మ తల దించుకుంది. "అదే నీ తలుపమ్మా. పొద్దున దాంట్లో పురుగు కదిలిందట."

"ఎన్ని పురుగులు?"

"ఒక్కటే. అది ఎటు పోతే ఈయన అటు పోయారు."

ఇంట్లో ఇంకో చెక్క లేదు. ఎక్కడినుంచి తేవడమా అని ముగ్గురూ మొహాలు చూసుకుంటుండగా, భుజాన మంచి చెక్కొకటి మోసుకుంటూ, నుదుట విబూది రేకలతో నక్క వచ్చింది. దాన్ని అందరూ ఉపవాసాల నక్క అనేవాళ్ళు. ఏ రోజు పలకరించినా ఉపవాసమనే చెప్పేది. అది పారణ చేసిన రోజున మాత్రం ఎవరి పెరట్లోనో ఒక కోడి తగ్గేది.

గంపమ్మ ఒక్క గెంతులో చిత్రికమ్మ వెనక్కి చేరింది.

"భయపడకు తల్లీ, భయపడకు," అంది నక్క. "మీ గూటి ముందు అడుగులు నావే. తెల్లవారుజామున ప్రదక్షిణలు చేస్తుంటే దారిలో పడింది. నా అడుగులు చూసి పచ్చి బాలింత గుండె బెదిరిందని విన్నాక ఇంక నాకు జపం సాగలేదు. అందుకే ప్రాయశ్చిత్తంగా ఈ చెక్క తెచ్చాను. కూలిపోయిన పాత గాదె తలుపు. ముదురు మామిడి కొయ్య."

"అన్నయ్యగారి ధర్మబుద్ధికి సంతోషం," అంటూ చిత్రికమ్మ చెక్క నడుమ రెండుసార్లు ముక్కుతో తట్టి చూసింది. ఖంగుమంది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

నక్క బాడిసయ్య వైపు తిరిగింది. "బావా! నీది ముక్కు కాదయ్యా, సాక్షాత్తూ విశ్వకర్మ ఉలి. గడియ ఎక్కడ పెట్టాలో నీకు నేను చెప్పాలా? కానీ ఈ కుడి అంచున పెట్టావంటే ఎంత అందమో! కాస్త ఇక్కడే శ్రద్ధగా, చెవి ఒగ్గి పని చెయ్యి. ఏం చెల్లెమ్మా, అదృష్టవంతురాలివి."

"అవునన్నయ్యా. ఆ అదృష్టాన్నే రోజూ పొద్దుటినుంచీ ఊడ్చి ఎత్తిపోసుకుంటున్నాను," అంది చిత్రికమ్మ.

నక్క వెళ్ళిపోయింది. బాడిసయ్య ఛాతీ ఇంకా పొంగే ఉంది. "విన్నావుటే? ఉలిట!"

"విన్నాను. మునగచెట్టు ఎక్కింది చాలు, దిగి పని చూడండి. తలుపు కట్టడానికి తాడు లేదు, పాకలోకి వెళ్ళి ఎద్దు తాతయ్యని అడిగి తెస్తాను. నేను వచ్చేలోపు గడియ బిగించండి. బిగించాక ముక్కు రెక్కలో పెట్టుకుని కూర్చోండి. పురుగు కాదు, ఏనుగు కదిలినా లేవకండి."

"నీ మీద ఒట్టే!"

"నా మీద వద్దు. ఇప్పటిదాకా వేసినవాటికే నేను బతికున్నానంటే భగవంతుడి చలవ."

పాకలో ఎద్దు తాతయ్య పడుకుని నెమరువేస్తున్నాడు. సంగతంతా విని, నోట్లో ఉన్నది పూర్తిగా నమిలి, మింగి, అప్పుడు మాట్లాడాడు.

"తాడుకేం, తీసుకెళ్ళు. చెక్క నక్క మోసుకొచ్చిందా?"

"అవును తాతయ్యా."

"నక్క ఎప్పుడు మోసింది బరువు? పుట్టినప్పట్నుంచీ మోస్తున్నవాణ్ణి నేను. మోసేవాడికి తెలుస్తుందమ్మాయీ, ఎవ్వరూ ఊరికే మొయ్యరు."

చిత్రికమ్మ ఇంక అక్కడ నిలవలేదు. తాడు ముక్కున కరచుకుని ఒక్క ఉదుటున ఎగిరి ఇంటికి చేరింది.

తలుపు తయారుగా ఉంది. అద్దంలా నున్నగా ఉంది. కుడి అంచున గడియ ముచ్చటగా కుదిరింది. ఆ గడియ పక్కనే, నక్క చెయ్యి సరిగ్గా దూరేటంత కన్నం కూడా ఉంది.

బాడిసయ్య ముక్కు రెక్కలో పెట్టుకుని కూర్చున్నాడు.

చిత్రికమ్మ తాడు కింద పడేసింది. కన్నంలోంచి ఆయన్నే చూసింది.

"చిన్నదేనే," అన్నాడు రెక్కలోంచి.

"పురుగా, కన్నమా?"

"పురుగు. లోపలికి పరిగెత్తింది మరి."

"అది పరిగెత్తితే మీరు కూడా పరిగెత్తాలా? అక్కడ పసిగుడ్లు పెట్టుకుని ఒక తల్లి ఎదురుచూస్తోంది. నక్క కన్నంలో చెయ్యి పెట్టి, గడియ తీసుకుని, అత్తవారింటికి వచ్చినట్టు లోపలికి వస్తుంది. మీరు చేసింది తలుపు కాదండీ, పిలుపు!"

బాడిసయ్య రెక్కలోంచి ముక్కు తీశాడు. మొహం నిజంగానే పాలిపోయింది. "ఒకటి చెప్పనా? నువ్వు కోప్పడతావని చెప్పలేదు. ఆ పురుగు రుచి కాస్త తేడాగా ఉంది. మామిడి పురుగు తియ్యగా ఉంటుంది. ఇది పేడ వాసన వేసింది."

"పేడ పురుగా? కొయ్యలోనా?"

చిత్రికమ్మ చెక్కంతా పైనుంచి కిందిదాకా తట్టి చూసింది. ఎక్కడా బోలు లేదు, ఎక్కడా పుచ్చు లేదు. కన్నం అంచున మాత్రం ఎండిన బంకమట్టి పెచ్చు అంటుకుని ఉంది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"పేడకుప్పలో పురుగుని తెచ్చి, చెక్కకి సందు చేసి, లోపల పెట్టి, పైన మట్టి మెత్తాడు," అంది చిత్రికమ్మ నెమ్మదిగా. "కావలసిన కన్నం మీ చేతే కొట్టించుకున్నాడు. ఉలిట, ఉలి!"

"నేనిప్పుడే పోయి వాడి కళ్ళు..."

"కళ్ళ సంగతి తర్వాత. పొద్దు వాలింది. ఇంకో చెక్క తెచ్చే వేళ లేదు."

"పోనీ, లక్కా పొట్టూ కలిపి పూడ్చేద్దాం."

"పచ్చిగా ఉంటుంది. నక్క వేలితో నెడితే ఊడిపోతుంది." ఆమె కన్నం వైపు చూసింది, గడియ వైపు చూసింది, మళ్ళీ కన్నం వైపు చూసింది. "పూడ్చొద్దు. గడియ జరిపితే సరిగ్గా ఈ కన్నానికి అడ్డంగా వచ్చేటట్టు మార్చి బిగించండి. తలుపు కదలకుండా లోపల కింది అంచున వేరే చీల కొట్టండి."

"కన్నం మీద గడియా? లోకంలో ఎక్కడైనా ఉందిటే? నలుగురు చూస్తే నవ్వరూ? మా తాతల కాలంనుంచి..."

"ఏవండీ." చిత్రికమ్మ గొంతు పెంచలేదు. "మన కాపురంలో ఈ ఒక్క పనీ నేను చెప్పింది చెప్పినట్టు చేసి పెట్టండి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

ఆయన ఇంక నోరెత్తలేదు. ముక్కెత్తాడు.

సందె మసకపడే వేళకి గంపమ్మ గూటికి తలుపు నిలబడింది. గంపమ్మ పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుని లోపలి మూలకి ఒదిగింది. తలుపుకి చూస్తే చెయ్యి దూరేటంత కన్నం. దానికి మతి పోయింది.

"వదినా, నా పిల్లల్ని ఎరగా పెడుతున్నావా?"

"వాళ్ళ ముందు నేను కూర్చుంటున్నాను కదమ్మా. నా వెనక నువ్వున్నావు. మన ముందు ఆ స్వామి ఉన్నాడు. గడియ దగ్గర..." అని ఒక్క క్షణం ఆగి, "మీ అన్నయ్య ఉన్నారు," అంది.

"అదే నా భయం," అంది గంపమ్మ.

చీకటి పడుతోందనగా బయట ఎండుటాకులు చప్పుడయ్యాయి. వెంటనే మెత్తని గొంతు: "నారాయణ, నారాయణ. నీళ్ళైనా ముట్టని ఉపవాసం..." నారాయణ అంటూనే నక్క ముంజెయ్యి కన్నంలోంచి లోపలికి వచ్చింది. గోళ్ళు తలుపు లోపలి వైపంతా తడుముకుంటున్నాయి. గడియ ఉండాల్సినచోట లేదు.

సరిగ్గా ఆ సమయానికి గూటి గుంజలో ఒక పురుగు కదిలింది.

బాడిసయ్య మెడ పక్కకి వాలింది. కళ్ళు అరమూతలు పడ్డాయి. చిత్రికమ్మ చూసింది. అరవడానికి లేదు, కదలడానికి లేదు. నక్క చెయ్యి మోచేతిదాకా వచ్చేసింది. గంపమ్మ రెక్క కింద ఒక పిల్ల కిచకిచమంది. ఆ కిచకిచకి బాడిసయ్య కళ్ళు తెరుచుకున్నాయి. మొహం గుంజ వైపు పోతున్నా, పాదాలతో గడియని బలమంతా పెట్టి ఒక్క తోపు తోశాడు.

గడియ కన్నానికి అడ్డంగా వచ్చి నక్క ముంజేతిని అంచుకి అదిమి పట్టింది.

"చీలండీ! చీల!" అంది చిత్రికమ్మ. గడియ వెనక్కి జరగకుండా టక్ టక్ టక్ మని ఇంకో చీల దిగింది. ఆయన ముక్కు దెబ్బ ఆమె చెవులకి హాయిగా వినబడింది అప్పుడే.

"అమ్మో! అయ్యో! చెల్లెమ్మా! నేనే, మీ అన్నయ్యని! ఉపవాసం వాణ్ణి!"

"తెలుసన్నయ్యా. పారణకే కదా వచ్చారు, కూర్చోండి."

"బావా! నీ పనితనం చూద్దామని చెయ్యి పెట్టానయ్యా!"

"ఎలా ఉంది బావా పనితనం?" అన్నాడు బాడిసయ్య, ఇంకొక దెబ్బ వేస్తూ.

అరుపులకి ఎద్దు తాతయ్య లేచాడు. నిదానంగా పాక దాటాడు, నిదానంగా వచ్చి నక్క వెనక నిలబడ్డాడు. "ఎవరిదర్రా ఈ తోక?" అని కొమ్ము ఆనించి చూశాడు. ఆ కొమ్ము తగలగానే నక్కకి ఎక్కడలేని బలం వచ్చింది. ముంజేతి చర్మమంతా గడియకి వదిలేసి, మూడు కాళ్ళ మీద కుంటుకుంటూ పొలాలకి అడ్డం పడి పారిపోయింది. ఆ తర్వాత అది ఆ పెరటి వైపు రాలేదు. ఎవరైనా ఎందుకని అడిగితే కాలినడకన యాత్రలు మొక్కుకున్నానని చెప్పేదట.

గంపమ్మ పిల్లల్ని ఒక్కొక్కటే ముక్కుతో తడిమి చూసుకుంది. అన్నీ ఉన్నాయి. అప్పుడు ఏడ్చింది.

బాడిసయ్య ఛాతీ మళ్ళీ పొంగింది. "చూశావుటే? నా కన్నమే లేకపోతే ఆ దొంగ దొరికేవాడా?"

చిత్రికమ్మ ఆయన్ని చూసింది. తాడు ముడి ఇంకొకసారి బిగించి చూసి, రామ రామ అనుకుంటూ ఇంటిదారి పట్టింది.

నీతి: ఒకరి బలహీనతలో చెయ్యి పెట్టేవాడు, దానితో కాపురం చేస్తున్నవాళ్ళకి అది తనకన్నా బాగా తెలుసన్న సంగతి మరవకూడదు.