నాంచారి పట్టపగటి దీపం

ఇటు జరుగమ్మడూ. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. పిన్ని గదిలోకి వెళ్ళకు, కాసేపు పడుకోనీ దాన్ని. ఆరు నెలలు పుస్తకాలు ముందేసుకుని కూర్చుందా, మందుల కంపెనీలో ఉద్యోగానికని? ఇవాళ ఇంటర్వ్యూకి పిలిచి ఏం అడిగారో తెలుసా? పెళ్ళెప్పుడు చేసుకుంటావని! మందుల గురించి ఒక్క ముక్క అడగలేదట. నా ఒళ్ళు మండిపోతోంది. ఈ మంట మీద నాకు రాజకుమారి కథ రాదు గానీ, ఇంకోటి చెప్తా. ఊఁ కొట్టు.

అనగనగా ఒక ఊళ్ళో ఒక కోట ఉంది. కోట వెనక రాజుగారి జొన్నల పాతర ఉంది. పాతరంటే తెలీదా? భూమిలో బావంత లోతు గొయ్యి తవ్వుతారు. లోపల గడ్డి పరిచి జొన్నలు పోస్తారు. పైన బండ మూసి మట్టి మెత్తుతారు. వానల్లేని ఏడు ఊరంతా ఆ జొన్నలే తినాలి.

ఆ పాతరని ముప్పై ఏళ్ళు కోటయ్య అనే ఆయన చూసుకున్నాడు. అప్పుడు ఆయనకి మోకాళ్ళు పట్టేశాయి. నిచ్చెన దిగలేకపోయాడు. ఆయనకి ఒక్కతే కూతురు, పేరు నాంచారి. ఆ కొలువు నాంచారికి వస్తే సరే. రాకపోతే కోటలో ఉన్న గుడిసె కూడా ఖాళీ చేసి తండ్రీకూతుళ్ళు రోడ్డున పడాల్సిందే.

అందుకని కోటయ్య మంచంలో కూర్చుని కూతురికి పని నేర్పాడు. మొదట, వాసన చూసి ముక్కిన జొన్న ఏదో చెప్పడం నేర్పాడు. ఆ తర్వాత, గింజ కొరికి తేమ తెలుసుకోవడం నేర్పాడు. కొరికితే టక్కుమనాలి, మెత్తగా ఉందా, ఎండబెట్టాలి. ఆ తర్వాత అన్నిటికంటే పెద్ద సంగతి నేర్పాడు.

"అమ్మా, బండ తీయగానే పాతరలోకి దిగకూడదు. లోపల చెడుగాలి ఉంటుంది. అది కంటికి కనపడదు. ముందు ఉట్టిలో ప్రమిద పెట్టి తాడుతో దింపు. దీపం వెలిగితే నువ్వు దిగు. ఆరిపోయిందా, దిగినవాడు మళ్ళీ పైకి రాడు" అన్నాడు.

నాంచారికి మూడు నెలలు అదే పని. పొద్దున లేస్తే గింజలు కొరకడం, మధ్యాహ్నం తాళ్ళు పేనడం, సాయంత్రం నాన్న అడిగినవాటికి జవాబులు చెప్పడం. నిద్దట్లో కూడా "టక్కుమంది నాన్నా" అనేదట! నవ్వకు, మీ పిన్నీ అంతే, అన్నం తింటూ ఏవో రసాల పేర్లు గొణుక్కునేది.

ఆ ఏడు వానల్లేవు. పాతర తెరవాలన్నారు. అప్పుడు కోటలో దండోరా వేసి కొలువుకి మనుషుల్ని పిలిచారు. నాంచారి ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. మూటలో ప్రమిదా, ఉట్టీ, తాడూ, చెకుముకి రాయీ పెట్టుకుని వెళ్ళింది.

అక్కడ ముగ్గురు పెద్దలు బాలీసులకి ఆనుకుని కూర్చున్నారు. ఒకాయనకి పెద్ద తలపాగా. ఒకాయనకి పెద్ద బొజ్జ. ఇంకొకాయన నోటి నిండా తాంబూలం. మూట చూసి ముగ్గురూ పకపకా నవ్వారు. "పట్టపగలు దీపం ఎందుకే పిల్లా, నీ మొహం కనపడదనా?" అన్నాడు తలపాగా. చూశావా నోరు!

అప్పుడు తలపాగా ఆయన అడిగాడు: "నిన్నెవరు పంపించారు? కోటలో నీకెవరు తెలుసు?"

"ఎవరూ పంపలేదయ్యా, పని వచ్చు కనక వచ్చాను" అంది నాంచారి.

ఆ తర్వాత బొజ్జాయన అడిగాడు: "రేపు నీకు పెళ్ళయిపోతే పాతరెవరు చూస్తారు?"

"పెళ్ళయితే నా చేతులేం ఊడిపోవు కదయ్యా" అంది.

ఆ తర్వాత తాంబూలం ఆయన పుక్కిట్లో రసం సర్దుకుని, "ఏదీ, ఒక పద్యం చదువు, గొంతు విందాం" అన్నాడు. జొన్నలకి పద్యం వినిపిస్తారుటే ఎవరైనా? నాకిప్పుడు తల్చుకున్నా చెయ్యి దురదపెడుతోంది!

వాసన అడగలేదు. గింజ అడగలేదు. దీపం అసలే అడగలేదు. "సరే, అవతల నుంచో" అన్నారు. మూడు నెలల కష్టం, మూడు మాటల్లో అయిపోయింది. నాంచారి ఏడవలేదు. అన్యాయం అనుకుంది, పళ్ళు నూరుకుంది, అక్కడే గోడవారన నుంచుంది.

అప్పుడు భద్రయ్య వచ్చాడు. ఎవరనుకున్నావు, తలపాగా ఆయన మేనల్లుడు! వాణ్ణేం అడిగారు? "మీ అమ్మ కులాసానా? భోజనం చేశావా? ఇంకో తాంబూలం వేసుకుంటావా?" ఇవీ మూడు ప్రశ్నలు! కొలువు వాడికే అన్నారు.

అయితే ఆ కోటలో ఒక ఆనవాయితీ ఉంది. కొలువు వచ్చినవాడు ఆ రోజే పాతరలోకి దిగి, దోసెడు జొన్నలు తెచ్చి రాజుగారి చేతుల్లో పొయ్యాలి. అందుకని రాజుగారు వచ్చి పాతర పక్కన కూర్చున్నారు. పనివాళ్ళు బండ జరిపారు. భద్రయ్య నిచ్చెన వేసి, మీసం దువ్వుకుని, ఒక మెట్టు దిగాడు.

"దిగకు! దీపం పెట్టాలి!" అని అరిచింది నాంచారి.

"నీ కొలువు పోయిందని కుళ్ళా? నోర్ముయ్" అన్నాడు తలపాగా.

వాడు రెండో మెట్టు దిగాడు. మూడో మెట్టు దిగి, లోపలికి వంగి చూడబోయి కళ్ళు తేలేశాడు. అప్పుడు నాంచారి ఒక్క దూకు దూకి, వాడి జుట్టు పట్టుకుని బరబరా పైకి లాగి పడేసింది. వాడు రెండు నిమిషాలకి తేరుకుని, "అమ్మో నా జుట్టు!" అని ఏడ్చాడు. "అరవడానికి ప్రాణం మిగిలింది, సంతోషించు" అంది నాంచారి.

ఆ తర్వాత చెకుముకి కొట్టి ప్రమిద వెలిగించింది. ఉట్టిలో పెట్టి దింపింది. మూరెడు లోతుకి దిగిందో లేదో, దీపం ఆరిపోయింది. "గాలికి ఆరిందిలే" అన్నాడు బొజ్జాయన. మళ్ళీ వెలిగించి దింపింది. మళ్ళీ ఆరింది. మూడోసారీ ఆరింది. ఆవిడ తాడు చేతికి చుట్టుకుంటూ, "గాలే అయితే మీరు దిగండయ్యా" అంది. ముగ్గురూ వెనక్కి జరిగారు.

రాజుగారి మొహం ఎర్రబడింది. "ఈ సంగతి నీకు ముందే తెలుసా? కొలువు అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

ఇదిగో, ఇక్కడ విను అమ్మడూ. నాంచారి రాజుగారని కూడా చూడలేదు.

"ఎవరడిగారు దొరా? నేనెవరి మనిషినో అడిగారు. నా పెళ్ళి అడిగారు. పద్యం అడిగారు. ఈ గోతిలో దిగి ప్రాణాలతో ఎలా రావాలో మీ పెద్దల్లో ఒక్కరడిగారా? వీళ్ళు ముగ్గురూ ఒక్కసారైనా పాతరలోకి తొంగి చూశారా? చూడనివాళ్ళు ఏం అడుగుతారు?" అంది.

తాంబూలం ఆయన రసం మింగేశాడు.

అప్పుడు రాజుగారు నేల మీద ఆవిడకి ఎదురుగా కూర్చున్నారు. "నేనడుగుతున్నానమ్మా. ఇప్పుడేం చెయ్యాలి?" అన్నారు. అదీ ప్రశ్నంటే!

"చేటలు తెప్పించండి. చెడుగాలి పోయేదాకా విసరాలి. విసరడానికి ముగ్గురు ఖాళీగానే ఉన్నారు" అంది. తలపాగా, బొజ్జ, తాంబూలం, ముగ్గురూ ఎండలో నుంచుని చెమటలు కక్కుతూ సాయంత్రం దాకా విసిరారు! బాగా అయింది.

మర్నాడు పొద్దున దీపం దింపితే అడుగు దాకా వెలుగుతూనే ఉంది. అప్పుడు నాంచారి దిగింది. వాసన చూసింది, గింజ కొరికింది, టక్కుమంది. దోసెడు జొన్నలు తెచ్చి రాజుగారి చేతుల్లో పోసింది. ఊరికి తిండి వచ్చింది, నాంచారికి కొలువు వచ్చింది. కోటయ్య గుడిసె గుమ్మంలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి నాంచారి కూడా ముసలిదైంది. కొలువుకి మనుషుల్ని ఎంచే పని రాజుగారు ఆవిడకే ఇచ్చారు. వచ్చినవాళ్ళని పాతర దగ్గరికే తీసుకెళ్ళేది. ఎవరి పిల్లవని అడిగేది కాదు. ఒక్కటే అడిగేది: "దీపం తెచ్చుకున్నావా?"

ఏంటే, గోడవతల అలికిడి? వింటున్నావుటే సుగుణా? ఏమన్నావు? సోమవారం ఇంకో కంపెనీ వాళ్ళు పిలిచారా? మరి దీపం తెచ్చుకున్నావా?

విన్నావా అమ్మడూ, "తెచ్చుకున్నానమ్మా" అంటోంది మీ పిన్ని. పుస్తకం తీసింది, ఆ చప్పుడు అదే. ఇక నువ్వు కళ్ళు మూసుకో.

కథ పోయింది కంచికి,
కునుకు రావాలి కంటికి,
వంకర ప్రశ్నలు మంటకి,
పిన్ని కొలువు మన ఇంటికి!